శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వీల్‌చైర్‌తో ఒకరోజు ప్రయాణం: కొలతలు, బండి, గుడి గడప, కలింగపట్నం ఇసుక

"వీల్‌చైర్ వస్తుందాండీ?" అని ఫోన్‌లో అడిగితే గుడిలోనైనా లాడ్జిలోనైనా ఒకటే జవాబు వస్తుంది: "వచ్చేయండి, మనుషులున్నారు, ఎత్తేస్తారు." అన్నవాళ్ళ మనసు మంచిదే. కానీ ఎవరు ఎక్కడ పట్టుకోవాలో వాళ్ళకి తెలియదు. బాత్రూం తలుపు ఇరుకైతే ఎంతమంది ఎత్తినా కుర్చీ పట్టదు. అందుకే "వీలవుతుందా" అని అడగకండి. "ఎన్ని మెట్లు, ఒక్కో మెట్టు ఎంత ఎత్తు, తలుపు ఎంత వెడల్పు" అని అడగండి. జవాబు అంకెల్లో వస్తే వెళ్ళాలో వద్దో, వెళితే ఏం పట్టుకెళ్ళాలో మీరే తేల్చుకోగలరు. ఆ తేల్చుకోవడం కుర్చీలో కూర్చునే మనిషిదే. ఇంట్లోవాళ్ళు సాయం చేస్తారు, నిర్ణయం మాత్రం వాళ్ళ చేతిలోకి పోకూడదు.

1. ముందు మీ కుర్చీని కొలవండి

టేపు తీసుకుని ఐదు అంకెలు రాసుకుని ఫోన్‌లో దాచుకోండి.

మొత్తం వెడల్పు: చేత్తో తోసే రింగుల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు. మామూలు మడత కుర్చీ 60 నుంచి 68 సెం.మీ. ఉంటుంది. మీరే తోసుకునేవారైతే వేళ్ళు గుమ్మానికి ఒరుసుకోకుండా మరో 5 సెం.మీ. కలపండి.

పొడవు: పాదాల పలకల కొస నుంచి వెనక చక్రం దాకా. లిఫ్టులో పడుతుందా లేదా తేల్చేది ఇదే.

సీటు ఎత్తు: నేల నుంచి కుషన్ పైభాగం వరకు. కారు సీటు, మంచం, కమోడ్ మీదికి మారేటప్పుడు ఈ అంకె కావాలి.

మడిచినప్పటి వెడల్పు: డిక్కీ కోసం.

బరువు: ఇంట్లో ఒకరు కుర్చీ పట్టుకుని తూకం మిషను ఎక్కి, తర్వాత కుర్చీ లేకుండా ఎక్కి, తేడా చూడండి. మడత కుర్చీ సాధారణంగా 15–20 కిలోలు. బ్యాటరీ కుర్చీ అంతకు కొన్ని రెట్లు ఉంటుంది కాబట్టి దాన్ని మెట్ల మీద ఎత్తించే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. దూర ప్రయాణానికి మడత కుర్చీ ఒకటి వేరే ఉంచుకోవడం మేలు.

2. ఫోన్‌లో ఏం అడగాలి, ఫొటోలో ఏం చూడాలి

గుడికి ఫోన్ చేస్తే ఇవి అడగండి: బండి ఆగే చోటు నుంచి ధ్వజస్తంభం దాకా మెట్లు ఎన్ని? వాలుదారి ఉంటే ఏ ద్వారం వైపు, దాని గేటు తాళం ఎవరి దగ్గర? గడప ఎంత ఎత్తు, జానెడా, బెత్తెడా? సొంత కుర్చీని చక్రాలు తుడిచి లోపలికి రానిస్తారా, లేక అక్కడి కుర్చీలోకి మారాలా? దివ్యాంగులకు వేరే వరుస ఏ వేళల్లో ఉంటుంది? వాలుదారి కట్టి ఉండీ దాని గేటుకి తాళం వేసి, తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్ళడం తరచుగా ఎదురయ్యే సంగతి. అందుకే తాళం ప్రశ్న వదలకండి.

గుడి కుర్చీలోకి మారాల్సి వస్తే మీ కుషన్ మాత్రం మీతో రావాలి. అక్కడ ఉండేవి ఎక్కువగా ఆసుపత్రి రకం రెక్సిన్ సీటు కుర్చీలు. స్పర్శ తెలియని మనిషి వాటి మీద గంట కూర్చుంటే చర్మం దెబ్బతింటుంది.

లాడ్జి విషయంలో అసలు చిక్కు బాత్రూం తలుపు. గది తలుపు మూడడుగులున్నా బాత్రూం తలుపు రెండున్నర అడుగులో, ఒక్కోచోట రెండడుగులో పెడతారు. చట్రం, సగమే తెరుచుకునే తలుపురెక్క పోను మిగిలేది అంతకంటే తక్కువ. కొలవమంటే కొలవరు. "తలుపు పూర్తిగా తెరిచి, గుమ్మం ముందు నేల కనబడేలా ఒక ఫొటో వాట్సాప్‌లో పెట్టండి" అంటే పెడతారు. ఇప్పటి లాడ్జీల్లో పరిచేవి చాలావరకు రెండడుగుల టైల్స్, అంటే 60 సెం.మీ. గుమ్మం ఖాళీ ఒక టైల్ కంటే ఎంత ఎక్కువుందో, తక్కువుందో ఫొటోలోనే తెలిసిపోతుంది. గుమ్మం దగ్గర నీళ్ళు ఆపే గట్టు ఉందా, కమోడ్ పక్కన కుర్చీ నిలిచేంత చోటుందా కూడా అదే ఫొటోలో చూసుకోవచ్చు. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం వీల్‌చైర్ టాయిలెట్ కనీసం 220 × 200 సెం.మీ. ఉండాలి, తలుపు ఖాళీ 90 సెం.మీ. ఉండాలి. ఆ కొలతలున్న గది దొరకకపోతే ఇరుకు చక్రాల కమోడ్ కుర్చీ ఒకటి వెంట తీసుకెళ్ళడమే దారి.

"లిఫ్టుంది" అన్న మాటతో ఆగకండి. లిఫ్టు దాకా చేరడానికి వీధి నుంచి ఎన్ని మెట్లెక్కాలో అడగండి. కింద కొట్లు, పైన గదులు ఉన్న భవనాల్లో నాలుగైదు మెట్లెక్కితే గానీ లిఫ్టు రాదు.

3. ఒంటి లెక్క: మూత్రం, చర్మం, ఎండ

వెన్నుపూస దెబ్బతిన్నవారి రోజంతా మూత్రం వేళల చుట్టూ కట్టుకోవాలి. గొట్టంతో (క్యాథెటర్‌తో) మూత్రం తీసుకునేవారు 4 నుంచి 6 గంటలకొకసారి ఖాళీ చేయాలి, మూత్రాశయంలో 500 మి.లీ. దాటకూడదు. ఉదయం ఆరింటికి బయల్దేరితే పదింటికి, రెండింటికి, ఆరింటికి ఎక్కడుంటారో ముందు రాసుకుని, ఆ మూడు చోట్ల మరుగు ఉండేలా దారి వేసుకోండి. జాతీయ రహదారి 16 మీద పెట్రోలు బంకులున్నా టాయిలెట్ గుమ్మానికి గట్టు, లోపల నేలబారు దొడ్డి సామాన్యం. కారు సీటు వెనక్కి వాల్చి, అద్దాలకు నల్ల గుడ్డలు కట్టి, మూతున్న యూరిన్ డబ్బాలో పని కానివ్వడం చాలామందికి అంతకంటే శుభ్రమైన దారి. గొట్టాలు లెక్క కంటే రెండు ఎక్కువ, చేతులు తుడిచే శానిటైజర్, జెల్లీ, ఒక లీటరు మంచినీళ్ళు, వాడినవి వేసే ముడి సంచి వేరుగా పెట్టుకోండి.

మూత్రానికి భయపడి నీళ్ళు తాగడం మానేయడం మన దగ్గర చాలామంది చేసే పని. చిక్కబడిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరిగి రెండు మూడు రోజుల తర్వాత చలిజ్వరం రావచ్చు, తీర కోస్తా ఉక్కలో ఒంట్లో నీరు తొందరగా ఇంకిపోతుంది కూడా. గంటకో గ్లాసు చొప్పున కొద్దికొద్దిగా తాగండి. మజ్జిగ, కొబ్బరినీళ్ళు మంచివి. విరేచనం రోజూ ఒకే వేళకు అలవాటున్నవారు ప్రయాణం ముందు రోజు ఆ వేళ తప్పనివ్వకండి.

వెన్నులో టీ6 (ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస), ఆపైన దెబ్బ ఉన్నవారు ఒక ప్రమాదం సంగతి తోడొచ్చేవారికి తప్పకుండా చెప్పి ఉంచాలి. హఠాత్తుగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబారడం, దెబ్బకు పైభాగాన చెమటలు పట్టడం కనిపిస్తే బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పెరుగుతోందని అర్థం. వైద్యులు దీన్ని ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి దించి, బిగుతు బట్టలు, బెల్టు, మూత్రసంచి పట్టీ వదులు చేయాలి. కారణం ఎక్కువసార్లు నిండిన మూత్రాశయమో మెలిపడిన గొట్టమో అయి ఉంటుంది కాబట్టి ముందు అదే చూడాలి. కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

వెన్ను దెబ్బ వల్లే ఆ దెబ్బకు కింద చెమట పట్టదు, ఒళ్ళు తనంతట తాను చల్లబడదు. స్ప్రే సీసాలో నీళ్ళు, తడి తువ్వాలు ఉంచుకోండి. జెల్ కుషన్‌ను, కుర్చీని ఎండలో ఆగిన కారులో వదిలేస్తే అవి కాలిపోయి ఉంటాయి. స్పర్శ లేని తొడకి ఆ సంగతి తెలియదు. కూర్చునే ముందు వేరే మనిషి అరచేయి పెట్టి చూడాలి.

ప్రతి 20–30 నిమిషాలకు ఒళ్ళు పైకి లేపడమో, మోకాళ్ళ మీదికి ముందుకు వంగడమో చేసి ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉండండి. కారులో కూడా ఇది మానకూడదు, కుదుపులకు ఒరిపిడి ఇంకా ఎక్కువ.

4. బండి

కారు మాట్లాడేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: "డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉందా?" ఉంటే మడత కుర్చీ పట్టదు, పైన కట్టాల్సి వస్తుంది. రెండోది, ముందు సీటు ఎత్తు. సెడాన్ సీటు కుర్చీ కంటే కాస్త కింద ఉంటుంది, ఎక్కడం తేలిక, దిగేటప్పుడు కష్టం. బొలెరో వంటి ఎత్తు బండి దానికి తిరగబడి, ఎక్కడానికే ఇద్దరు కావాలి. మూడు వరుసల సీట్లుండే ఎర్టిగా లాంటి బండ్లు సీటు ఎత్తులోనూ చోటులోనూ చాలామందికి కుదురుతాయి.

కుర్చీ నుంచి కారు సీటు మీదికి జారుతూ మారే పలక ఉంటే ఒక్క మనిషి సాయంతో పని జరుగుతుంది. వడ్రంగి చేత 18 మి.మీ. ప్లైవుడ్ 70 సెం.మీ. పొడవు, 22 సెం.మీ. వెడల్పు కోయించి, అంచులు గుండ్రంగా చేయించి, వార్నిష్ వేయించండి. వాడే తీరు ఇది.

కారు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, వీపు కొంచెం వాల్చండి. కుర్చీని సీటుకి ఏటవాలుగా ఆనించి బ్రేకులు వేయండి. కారు వైపు చేతిపట్టీ, పాదాల పలకలు తీసేయండి. పలకలో మూడో వంతు తొడ కిందికి, మిగతాది కారు సీటు మీదికి రావాలి. తల కారు బయటివైపు వంచి, పిరుదులు లోపలికి కొద్దికొద్దిగా జరపండి. ఒక్క ఊపులో పోవాలని చూస్తే పలక జారుతుంది. చివరికి కాళ్ళు ఒకటొకటిగా లోపల పెట్టి, మడమలు సీటు కడ్డీకి ఒరుసుకోలేదని చూడండి.

ఎత్తాల్సి వస్తే డ్రైవర్లు చంకల్లో చేతులు పెట్టి లాగేస్తారు. భుజం కీలు జారేది అక్కడే. వెనక మనిషి మీ చంకల కిందుగా చేతులు పోనిచ్చి, మీ పొట్ట మీద కట్టుకున్న మీ ముంజేతుల్నే పట్టుకోవాలి. ముందు మనిషి రెండు మోకాళ్ళ కింద, తొడల కింద పట్టుకోవాలి. "ఒకటి, రెండు, మూడు" అన్నది మీరే అనాలి. బాబూ, నేను చెప్పాకే ఎత్తండి అని ముందే చెప్పండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఆటో నడుము నిలిచే మనిషికి దగ్గర దూరాలకు సరిపోతుంది. నడుము నిలవనివారికి బెల్టు లేని ఆ సీటు ప్రమాదమే. ఇక టాటా మ్యాజిక్ వంటి బండిలో కుర్చీతో సహా ఎక్కించేస్తే, బ్రేకులొక్కటే చాలవు. కుర్చీ ఫ్రేముకి నాలుగు మూలలా రాచెట్ బెల్టులతో బండి నేల కొక్కేలకు కట్టి, ముఖం బండి వెళ్ళే వైపే ఉండేలా నిలపాలి. పక్కకి తిరిగి ఉన్న కుర్చీ సడన్ బ్రేకుకి బోల్తా పడుతుంది.

దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా మార్చి, ఆర్‌సీలో అలా నమోదైన సొంత వాహనానికి జాతీయ రహదారుల టోల్ మినహాయింపు ఉంది. నాతవలస, మడపాం టోల్‌గేట్ల దగ్గర వాదన పడకుండా మినహాయింపు ఫాస్టాగ్ ముందే తీసుకోవాలి. అద్దె కారుకి ఇది వర్తించదు.

5. రైలులో వచ్చేవారికి

శ్రీకాకుళం పట్నానికి స్టేషను ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్. పట్నానికి దాదాపు 13 కి.మీ. అక్కడ రైళ్ళు ఆగే సమయం చాలా తక్కువ. పెట్టె నేల ప్లాట్‌ఫారం కంటే సుమారు అర మీటరు ఎత్తులో ఉంటుంది, అందుకే ఆ కాస్త సమయంలో దిగాలంటే రైలు ఆగక ముందే తలుపు దగ్గర సిద్ధంగా ఉండాలి. విజయనగరం జంక్షన్‌లో ఎక్కువసేపు ఆగే రైలు దొరికితే అక్కడ దిగి కారులో రావడం నిదానమైన పని.

టికెట్టు కోసం రైల్వే ఇచ్చే దివ్యాంగ గుర్తింపు కార్డు ముందే తీసుకోండి. రైల్వే నమూనాలో ప్రభుత్వ వైద్యుడి ధ్రువపత్రం, ఆధార్, ఫొటోలతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. తోడు లేకుండా ప్రయాణించలేని అంగవైకల్యం ఉన్నవారికి స్లీపరు, థర్డ్ ఏసీల్లో 75 శాతం, సెకండ్, ఫస్ట్ ఏసీల్లో 50 శాతం రాయితీ. తోడు వచ్చే ఒకరికీ అంతే. మామూలు స్లీపరు పెట్టె నడవాలో కుర్చీ పట్టదు, తలుపు దగ్గరే బెర్తులోకి మారాలి. గార్డు పెట్టెతో కలిసి ఉండే దివ్యాంగుల కంపార్టుమెంటులో వెడల్పు తలుపు, కడ్డీలున్న పెద్ద టాయిలెట్ ఉంటాయి. అది రైలు మొదట్లోనో చివర్లోనో ఉంటుంది కాబట్టి ఏ కొసనో 139కి ఫోన్ చేసి కనుక్కోండి. రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, స్టేషను వీల్‌చైర్ ఎక్కడుందో స్టేషన్ మాస్టరుతో గంట ముందే మాట్లాడాలి.

6. మెట్లు, గడపలు, వాలుపలక

వాలు లెక్క ఇది: ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడవు. 15 సెం.మీ. మెట్టుకి 180 సెం.మీ. వాలు. అలాగైతే చేతుల్లో బలమున్నవారు తామే ఎక్కగలరు. వెనక ఒక మనిషి తోస్తే ఒకటికి ఎనిమిది చాలు, అదే మెట్టుకి 120 సెం.మీ. ఒక మెట్టు దాటితే ఆ 120 సెం.మీ. పలక పనికిరాదు. వాలు నిటారై కుర్చీ వెనక్కి పడుతుంది.

120 సెం.మీ. పలక చేయించే తీరు: 19 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, 75 సెం.మీ. వెడల్పు. నిలువునా రెండు ముక్కలు కోసి పైన పొడవాటి కీలు వేస్తే పుస్తకంలా మడిచి కారులో పెట్టొచ్చు. చక్రాలు నడిచే చోట కింద 25 మి.మీ. చదరపు జీఐ గొట్టాలు ఒక్కో ముక్కకి ఒకటి బిగించండి, లేకపోతే మధ్యలో వంగుతుంది. పై కొసన 5 సెం.మీ. వెడల్పు ఇనుప పట్టీ మెట్టు మీద కూర్చోవాలి, కింద కొస నేలకు ఆనేలా చెక్కాలి. రెండు పక్కలా వేలెడు ఎత్తు రీపరు కొట్టించండి, చక్రం జారకుండా. పెయింటు తడిగా ఉండగానే జల్లించిన ఇసుక చల్లి, ఆరాక మళ్ళీ పెయింటు వేస్తే వాన చినుకులోనూ పట్టు ఉంటుంది. అంతా కలిపి సుమారు 15 కిలోలు తూగుతుంది. రెండు విడి పట్టాలుగా చేయిద్దాం అనుకుంటే ఒక సంగతి చూసుకోండి: ముందు చిన్న చక్రాలు వెనక చక్రాల కంటే లోపలికి ఉంటాయి. సన్నని పట్టా అయితే అవి మధ్య సందులో పడిపోతాయి.

గడప దాటడానికి ముందు చక్రాలు మొదట. వెనక మనిషి కాలితో కుర్చీ వెనక కడ్డీని తొక్కి, హ్యాండిళ్ళు కిందికి నొక్కి, ముందు చక్రాలు గడప మీదుగా అవతల దించాలి. పెద్ద చక్రాలు గడపకు ఆనాక, తన తొడతో వీపు పలకను నెట్టి ఎక్కించాలి. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు దించాలి. ముందుకు దించితే మనిషి ముందుకు తూలిపోతాడు.

రెండు మూడు మెట్లు తప్పనప్పుడు: ఎక్కేటప్పుడు కుర్చీ వీపు మెట్ల వైపు. బలమైన మనిషి పైమెట్టు మీద నిలబడి హ్యాండిళ్ళు పట్టి, కుర్చీని వెనక్కి వాల్చి, ఒక్కో మెట్టూ చక్రం దొర్లిస్తూ లాగాలి. రెండో మనిషి కింద ఉండి ముందు ఫ్రేము పట్టి తోయాలి. దిగేటప్పుడు మీ ముఖం కిందికి, కుర్చీ మాత్రం వెనక్కే వాలి ఉండాలి. చేతిపట్టీలు, పాదాల పలకలు ఊడివచ్చే భాగాలు, వాటిని ఎవర్నీ పట్టుకోనివ్వకండి. హ్యాండిళ్ళ రబ్బరు తొడుగులు గుడ్డతో లాగి చూడండి. చెమట చేతికి తిరిగి ఊడిపోయే తొడుగుని ముందే మార్చాలి. నూనె, కొబ్బరినీళ్ళు పడ్డ గుడి రాళ్ళ మీద సాయం చేసేవారి పాదాలు జారుతాయి, ఆ చోట పొడి గుడ్డ వేసి తుడిచాకే ఎత్తించుకోండి.

ఇంకొకటి, గుడిలో చెప్పులు విప్పిన పాదాలు. పలక మీంచి జారిన పాదం ఎండకు కాగిన రాతి మీద ఈడ్చుకుపోతే కాలి బొబ్బలెక్కుతుంది, మీకు తెలియదు. మందపాటి నూలు మేజోళ్ళు తొడిగి, పిక్కల వెనక ఒక పట్టీ కట్టుకోండి.

7. ఒక రోజుకి దారి

శ్రీకాకుళం నుంచి తూర్పు దారి ఒక రోజుకి సరిగ్గా పడుతుంది: అరసవల్లి, శ్రీకూర్మం, గార మీదుగా కలింగపట్నం. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి ఆదివారం, అందులోనూ మాఘమాసం ఆదివారాలు, రథసప్తమి నాడు వెళ్ళకండి. ఆ గుంపులో కుర్చీలో ఉన్నవారి ముఖం జనం మోచేతుల ఎత్తులో ఉంటుంది. మార్చిలో, అక్టోబరులో కిరణాలు మూలవిరాట్టు మీద పడే రోజులూ అంతే. మామూలు మంగళ, బుధవారాల్లో పొద్దున్నే వెళితే నిదానంగా దర్శనం అవుతుంది.

శ్రీకూర్మంలో స్తంభాల మండపం, గోడల మీది పాత చిత్రాలు, తాబేళ్ళు చూడటానికి గంటన్నర పెట్టుకోండి. గుళ్ళు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి రెండూ పదకొండున్నరలోపు ముగించాలి. శాలిహుండం దారిలోనే ఉంటుంది గానీ బౌద్ధ స్తూపాలు కొండ మీద, దారి మెట్లది. మోసుకెళ్ళడానికి ప్రయత్నించవద్దు, కింద నుంచి కొండను, వంశధార గాలిని చూసుకుని ముందుకు సాగండి. ఎండ తగ్గాక, నాలుగింటికి కలింగపట్నం.

పక్షులంటే ఇష్టమున్నవారికి టెక్కలి దగ్గర తేలినీలాపురం ఈ రెండు జిల్లాల్లోకెల్లా కుదిరిన చోటు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళో చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. వాచ్ టవర్ ఎక్కక్కర్లేదు, కింద కుర్చీలో కూర్చుని బైనాక్యులర్‌తో చూడొచ్చు. చలికాలంలో వెళ్ళండి. చెట్ల కింద ఆగేటప్పుడు గొడుగు విప్పి ఉంచుకోండి, రెట్టలు తప్పవు.

విజయనగరంలో కోట బురుజులు, గంటస్తంభం, పెద్దచెరువు రోడ్డు మీంచే చూడొచ్చు. విల్లు ఆకారంలో కట్టిన రామనారాయణంలో ఆ విల్లు వెంట తోసే దూరం ఎక్కువ, రెండో తోడు ఉంటే మార్చుకుంటారు. రామతీర్థంలో కింది గుడి దర్శనం పెట్టుకోండి, కొండమీద కోదండరాముడి గుడికి మెట్లే దారి. దసరా తర్వాత మంగళవారం జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి మూడు లాంతర్ల జంక్షన్ జనసంద్రం అవుతుంది. సిరిమాను (పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి, ఆ దారిలో తెలిసినవారి ఇంటి అరుగు దొరికితే ఉదయమే చేరి, రాత్రి జనం పలచబడేదాకా అక్కడే ఉండేలా మూత్రం, భోజనం ఏర్పాట్లతో వెళ్ళండి. మధ్యలో బయటపడటం కుదరదు.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, 2018లో తిత్లీ తుపాను తీరం దాటింది శ్రీకాకుళం జిల్లాలోనే. బయల్దేరే ముందు రోజు వాతావరణ హెచ్చరిక చూసుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికీ మంచి కాలం.

8. ఇసుకలో

కుర్చీ ఇసుకలో దిగబడేది ముందు చిన్న చక్రాల వల్ల. బరువంతా వేలెడు వెడల్పు మీద పడి అవి తవ్వుకుపోతాయి. తోసేకొద్దీ లోతుకు పోతాయి, మీరు ముందుకు పడతారు. రెండు పనులు చేయాలి: కుర్చీని వెనక్కి తిప్పి, వెనక్కి వాల్చి, పెద్ద చక్రాల మీదే లాగడం, చక్రాల కింద గట్టి దారి వేయడం.

దారికి 4 × 2 అడుగుల 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు నాలుగు. 2 అడుగుల వైపు కుర్చీకి చాలదు, అందుకే రెండేసి పక్కపక్కన పరిచి, కుర్చీ ముందుకి వెళ్ళాక వెనక జత తీసి ముందు వేసుకుంటూ పోవాలి. తోడు ముగ్గురు: ఒకరు లాగడానికి, ఇద్దరు పలకలకి. కొబ్బరి పీచు చాపలు కూడా పనిచేస్తాయి, ముందు తడపండి, పొడి చాప చక్రం కింద ముడుచుకుపోతుంది. గాలి టైర్లయితే గాలి కొంత తీసేస్తే చక్రం చప్పిడై ఇసుక మీద నిలుస్తుంది, అయితే తిరిగి కొట్టడానికి పంపు ఉండాలి. ఎందుకంటే బ్రేకు నొక్కేది టైరునే, గాలి తగ్గితే బ్రేకు పట్టదు. ఆ స్థితిలో వాలు మీద కారు ఎక్కబోతే కుర్చీ కదిలిపోతుంది.

అల తడిపి వెళ్ళిన ఇసుక గట్టిగా ఉంటుంది, పొడి ఇసుక దాటితే ఆ తడి పట్టీ మీద తోయడం తేలిక. పోటు తగ్గే వేళ చూసుకుని వెళ్ళండి, పెరిగే వేళ కాదు. నీళ్ళలోకి మాత్రం దిగవద్దు. ఈ తీరంలో లాగే అలలుంటాయి, చక్రం కింద ఇసుకను ఒక్క అల కోసేస్తుంది. లైట్‌హౌస్ దగ్గర రోడ్డు మీంచి కూడా సముద్రం బాగా కనిపిస్తుంది. ఇసుక దాటడానికి మనుషులు చాలనప్పుడు అక్కడే ఆగండి.

9. దారిలో పాడైతే

24 అంగుళాల గాలి టైరు పంక్చరు ఏ సైకిల్ షాపులోనైనా వేస్తారు. వాల్వు చూసుకోండి: సైకిల్ వాల్వయితే మోటారుసైకిల్ గాలిమిషను పట్టదు, చిన్న అడాప్టరు జేబులో ఉంచుకోండి. గాలి ఎంత కొట్టాలో టైరు పక్కన అచ్చు వేసి ఉంటుంది. ఒక ట్యూబు, 5 మి.మీ. అల్లెన్ కీ, 10, 13 స్పానర్లు, నాలుగు కేబుల్ టైలు, ఇన్సులేషన్ టేపు. ముందు చక్రం వణుకుతుంటే దాని నట్టు వదులైంది, లేదా ఇరుసుకి జుట్టు, దారం చుట్టుకుంది. కుర్చీ ఒక పక్కకే లాగుతుంటే మొదట రెండు పెద్ద టైర్ల గాలీ సమానమో చూడండి.

10. దారి లేని చోట

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రజలు వచ్చే భవనం అంటే గుడి, బస్టాండు, రైల్వే స్టేషను, సినిమాహాలు అన్నీ. 2017లో నిబంధనలు వచ్చాక, ఉన్న భవనాలు మార్చడానికి ఇచ్చిన ఐదేళ్ళ గడువు 2022తో ముగిసింది. అందువల్ల వాలుదారి అడగడం దయ అడగడం కాదు. అర్జీలో "ఇబ్బందిగా ఉంది" అని రాస్తే ఫైలు కదలదు. "దక్షిణ ద్వారం దగ్గర 16 సెం.మీ. ఎత్తున రెండు మెట్లు, వాలుదారి లేదు, 1:12 వాలుకి 384 సెం.మీ. కావాలి, పక్కన ఖాళీ స్థలం ఉంది" అని ఫొటోతో రాయండి. గుడి అయితే కార్యనిర్వహణాధికారికి ఒక ప్రతి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక ప్రతి ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. సుగమ్య భారత్ యాప్‌లో కూడా ఫొటో పెట్టొచ్చు. కట్టిన వాలు మరీ నిటారుగా ఉన్నా అదీ ఫిర్యాదే. చాలాచోట్ల మెట్లకున్న పొడవులోనే సిమెంటు పోసి వాలు అనేస్తారు, దాని మీద కుర్చీ వెనక్కి దొర్లుతుంది.

11. ఇంటికొచ్చాక

సముద్రం దాకా వెళ్ళిన కుర్చీని ఆ రాత్రే మంచినీళ్ళతో కడగండి. ఉప్పు, ఇసుక బేరింగుల్లో ఉంటే కొన్ని వారాల్లో చక్రం గరగరమంటుంది. గొట్టంతో బలంగా కొట్టవద్దు, ఇసుక ఇంకా లోపలికి పోతుంది. తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఇరుసులకు, మడత కీళ్ళకు చుక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. బ్రేకుల మీద, టైర్ల మీద పడనివ్వకండి.

అంతకంటే ముందు పిరుదులు, తోకఎముక, మడమలు, మోచేతులు అద్దంలోనో ఫొటో తీయించుకునో చూసుకోండి. ఎర్రటి మచ్చ కనిపిస్తే వేలితో నొక్కండి. నొక్కినప్పుడు తెల్లబడి, అరగంటలో రంగు పోతే ఫరవాలేదు. తెల్లబడకుండా అలాగే ఉంటే లోపల పుండు మొదలైనట్టే. నల్లని ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు, అక్కడ వేడిగా గానీ గట్టిగా గానీ తగులుతోందా అని చేత్తో తడిమి చూడాలి. మచ్చ పూర్తిగా పోయేదాకా ఆ వైపు బరువు పెట్టకుండా పడుకోండి, ఒక రోజులో తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.